గోడ మీది బొగ్గుగీతలు

(సుల్తాన్ బజార్‌లో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



సారు గుర్రం దగ్గరికి వెళ్ళగానే స్టెతస్కోపు తీసేవారు కాదు. ముందు గుర్రాన్ని చూసుకునే సాయీసు వైపు చూసేవారు. "రాత్రి లద్ది ఎన్నిసార్లు వేసింది?" అని అడిగేవారు. జవాబు టక్కున వస్తే సగం భయం తీరినట్టే. సాయీసు నసిగితే, యజమాని ముఖం కేసి చూస్తే, సారు చొక్కా చేతులు పైకి మడిచేవారు. ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రం మీద ఉంది. ఇన్నేళ్ళు ఆయన వెంట మందుల సంచి మోసినవాణ్ణి, నా నోటికి ఆ పేరు రాదు. సారు అనే అంటాను, మన్నించండి.

ఆయన పేరున గుర్రాల జబ్బుల గురించి మాట్లాడమన్నారు. ఈ పేటలో ఇప్పుడు గుర్రాలెక్కడివి అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి ఎనిమిది దాటాక ఈ హాలు మెట్ల మీద నిలబడండి. బ్యాండుమేళం వెనక, జనరేటర్ బండి పక్కన, నుదుట పూసల పట్టీ, వీపు మీద జరీ గుడ్డ వేసుకుని తెల్ల గుర్రం ఒకటి వస్తుంది. అందరూ పెళ్ళికొడుకును చూస్తారు. ఈసారి ఒక్క నిమిషం దాని కాళ్ళు చూడండి. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా అక్కడే ఉంది.

ఈ వీధులకు గుర్రం కొత్త కాదు. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించాక, దాని చుట్టూ పెరిగినవే ఈ బజార్లు. 1933లో నిజాం ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చేదాకా వీటిని రెసిడెన్సీ బజార్లనే అన్నారు, ఆ తర్వాతే సుల్తాన్ బజార్ అయింది. రెసిడెంటు కోచీలు, అటు బొల్లారం, సికింద్రాబాద్ దండు రిసాలాలు, ఇటు జట్కాలు, టాంగాలు. నా చిన్నప్పుడు బడీచౌడీ దగ్గర జట్కా దిగితే ముక్కుకు మొదట తగిలేది తడిసిన గడ్డి, లద్ది కలిసిన వాసన. అది నాకు ఇప్పటికీ దుర్వాసన కాదు.

ఇక్కడికి నాలుగడుగుల దూరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901లో పుట్టిన ఆ గ్రంథాలయం పేరు తలచుకున్నప్పుడల్లా నాకు విజయనగరం గుర్రాలు గుర్తొస్తాయి. ఆ రాజ్యానికి గుర్రం ప్రాణం. హొర్ముజ్ నుంచి ఓడల్లో వచ్చేవి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వృత్తాంతంలో ఒక సంగతి ఉంది. సాళువ నరసింహరాయలు గుర్రాలను ఎంత ఆశగా కొనేవాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా బతికున్నదాని ధరే ఇచ్చేవాడట. అంతకు ముందు, 13వ శతాబ్దం చివర మన మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలో, దక్షిణాన తమిళ తీరం గురించి మరో మాట రాశాడు. అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారు, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవు, ఎందుకంటే వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరు, వండిన అన్నం, మాంసం పెడతారు అని. అమ్మేవాళ్ళు గుర్రపు వైద్యులను కావాలనే రానిచ్చేవారు కాదని కూడా రాశాడు. గుర్రాలు బతికితే బేరం తగ్గుతుంది కదా.

తోకకు వరహాలు లెక్కపెట్టిన చేతులు సాయీసుకు ఎంత ఇచ్చాయో నాకు ఎక్కడా కనబడలేదు. మన భాషలో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం ఉంది, సంస్కృతంలో శాలిహోత్రుడి పేరిట నడిచే శాస్త్రం ఉంది. సుడులు, రంగులు, నడకలు, జాతులు అన్నీ చూశారు మనవాళ్ళు. ఆ పుస్తకాల పక్కన నాకు ఇంకొక పుస్తకం తెలుసు. అది పుత్లీబౌలి వెనక సందులో గుర్రాలను కట్టేసే ఒక తబేలా గోడ.

ఆ తబేలాలో ముసలి సాయీసు ఒకాయన ఉండేవాడు. అందరూ బడే మియా అనేవారు. చదువు రాదు. గోడ మీద ఒక్కో గుర్రానికి ఎదురుగా బొగ్గుతో నిలువు గీతలు గీసేవాడు. గుర్రం ఒకసారి లద్ది వేస్తే ఒక గీత. తెల్లారి చెరిపేసి మళ్ళీ మొదలు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు లద్ది వేస్తుంది. గోడ మీద మూడే గీతలుంటే ఆ గుర్రానికి ఆ పూట దాణా ఆపేవాడు, నీళ్ళ బకెట్ దగ్గరికి జరిపేవాడు, సారుకు కబురు పంపేవాడు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో నేను ఏళ్ళ తరబడి చదివినదానికి ఆ గోడ ముందుమాట అని సారు అనేవారు.

గుర్రానికి ఒంట్లో బాగాలేదని ఎలా తెలుస్తుంది? అది వేటకు ఎర అయిన జంతువు. మందలో కుంటిదే ముందు పులికి దొరుకుతుంది. కాబట్టి నొప్పిని దాచుకోవడం దాని రక్తంలో ఉంది. కుక్కలా మూలగదు, మేకలా అరవదు. చెవులు వెనక్కి వాల్చడం, ముక్కుపుటాలు బిగబట్టడం, కంటి పైన కండ ముడుచుకోవడం, మూతి గట్టిపడటం, ఇంతే చెబుతుంది. రోజూ దాని పక్కన నిలబడేవాడికే ఆ తేడా తెలుస్తుంది.

అందుకే ప్రతి గుర్రం దగ్గరా ఉండాల్సింది పొద్దున ఐదు నిమిషాలు. ఇది సారు మాకు నూరిపోసిన పాఠం. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ ఎముక అంచున లోపలి వైపు వేలు పెడితే నాడి అందుతుంది. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16. డొక్క పక్కన నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. పెదవి ఎత్తి చిగురు చూడాలి, లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ రంగు పట్టాలి. రెండు వైపులా డొక్కకు చెవి ఆనిస్తే పేగుల గుడగుడ వినబడాలి. నిశ్శబ్దంగా ఉంటే అది మంచి నిశ్శబ్దం కాదు. ఈ అంకెలు సాయీసుకు రాకపోయినా ఫరవాలేదు. తన గుర్రానికి నిన్న ఎలా ఉందో, ఇవాళ ఎలా ఉందో తెలిస్తే చాలు.

ఇక కడుపునొప్పి. గుర్రాలను ఎక్కువగా చంపేది ఇదే. మనం కడుపునొప్పి అంటే వాము నమిలి పడుకుంటాం. గుర్రానికి ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే అది వాంతి చేసుకోలేదు. జీర్ణాశయం మొదట్లో ఉన్న కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. నాలుగైదు క్వింటాళ్ళ ఒంటికి జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అంటే కొంచెం కొంచెంగా రోజంతా గడ్డి నములుతూ ఉండటానికి పుట్టిన జంతువు అది. దాని మూతికి మనం దాణా సంచి, అదే తోబ్రా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కట్టి, మధ్యలో ఖాళీ గోడ చూపిస్తాం. ఆ జీర్ణాశయం దాటాక ఇరవై మీటర్ల పైచిలుకు చిన్నపేగు, ఆ తర్వాత పెద్దపేగు లోపలే మెలికలు తిరిగి, ఒక చోట హఠాత్తుగా ఇరుకవుతుంది. నీళ్ళు తక్కువైతే ఎండుగడ్డి అక్కడే గడ్డకట్టి అడ్డుపడుతుంది. గుర్రం రోజుకు పాతిక నుంచి యాభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండాకాలం పని చేసేదైతే ఇంకా ఎక్కువ. మన బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. చాలా కడుపునొప్పులకు మూలం పేగులో లేదు, ఆ ఖాళీ డ్రమ్ములో ఉంది.

గుర్తులు ఇవి. మేత ముట్టదు. మెడ తిప్పి తన డొక్క కేసి చూసుకుంటుంది. ముందు కాలితో నేల గీరుతుంది. పై పెదవి మడుస్తుంది. పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుని పొర్లుతుంది. చెమట పట్టి జూలు తడుస్తుంది. అప్పుడు చేయాల్సింది చాలా కొద్ది. మేత తీసేయడం. పొర్లి దెబ్బలు తగలకుండా, అలవకుండా నెమ్మదిగా నడిపించడం. నాడి లెక్కపెట్టడం. డాక్టరుకు ఫోను చేయడం. నాడి అరవై దాటిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. చేయకూడనిది ఒకటి గట్టిగా చెబుతాను. పశువులకు పట్టినట్టు వెదురు గొట్టంతోనో సీసాతోనో నోట్లో నూనె పోయకండి. తల పైకెత్తి పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కడుపునొప్పి తగ్గిన నాలుగో రోజు గుర్రం న్యుమోనియాతో పోతుంది. నూనె పోయాల్సి వస్తే డాక్టరు ముక్కులోంచి జీర్ణాశయం దాకా గొట్టం వేసి పోస్తాడు. అలాగే పెట్టెలో మిగిలిన నొప్పి మందు ఉందని ముందే పొడిచేయకండి. నొప్పి అణిగిపోతే పేగు మెలిపడిన సంగతి కూడా మరుగున పడుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. సారు బతికి ఉన్నంతకాలం ఆయన దీన్ని ఎవరి ముందూ ఎత్తలేదు. ఆయన పేరున జరిగే సభలో నేనే చెప్పుకోవడం న్యాయం.

1979 చలికాలం. నేను కాలేజీ నుంచి బయటికొచ్చి రెండేళ్ళు. బడే మియా తబేలాలో ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. ముందు రోజు రెండు పెళ్ళిళ్ళు మోసింది. పెళ్ళివారు ముద్దు చేసి లడ్డూలు, పూరీలు తినిపించారు. రాత్రి కట్టు విప్పుకుని నానబెట్టిన సెనగల గంగాళం మీద పడి ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు. మర్నాడు మధ్యాహ్నం కబురొస్తే, సారు ఊళ్ళో లేకపోవడంతో నేనే వెళ్ళాను. ఒళ్ళంతా చెమట. ఊపిరి ఎగబీలుస్తోంది. మేత ముట్టదు. ఎక్కువ తిన్న గుర్రం, చెమట, ఇంకేం కావాలి? కడుపునొప్పి అన్నాను. నడిపించమన్నాను.

బడే మియా పగ్గం పట్టుకున్నాడు. గుర్రం కదల్లేదు. బలవంతాన లాగితే నిప్పుల మీద నడుస్తున్నట్టు ఒక్కో కాలూ ఎత్తి వేసింది. ముందు కాళ్ళు చాచి, బరువంతా వెనక కాళ్ళ మీదికి తోసి నిలబడింది. బడే మియా వంగి గిట్ట మీద అరచెయ్యి పెట్టాడు. "సాబ్, పాంవ్ గరం హై" అన్నాడు. గిట్ట వేడిగా ఉందని. నేను వినలేదు. డాక్టర్ని నేను. "ఇంకో ఇరవై నిమిషాలు నడిపించు" అన్నాను. అతను నడిపించాడు.

సాయంత్రానికి సారు వచ్చారు. ఏమీ అడగలేదు. ధోవతి కుచ్చిళ్ళు ఎగ్గట్టి నేల మీద మోకాళ్ళూనారు. గిట్టకు పైన, మడమ కీలుకు వెనక రెండు పక్కలా రెండు వేళ్ళు ఆనించారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు. మామూలుగా అక్కడ నాడి వెతుక్కోవాలి, దొరికీ దొరకనట్టు ఉంటుంది. ఆ సాయంత్రం నా వేళ్ళ కింద అది దబదబా కొట్టుకుంది. గంటసేపు ఆ చెయ్యి తీయనివ్వలేదు ఆయన. తిట్టలేదు. "అతను చెప్పాడా?" అని మాత్రం అడిగారు. చెప్పాడన్నాను.

దాన్ని లామినైటిస్ అంటారు. గిట్టగోడకూ లోపలి ఎముకకూ మధ్య పుస్తకం పేజీల్లా ఒకదానిలో ఒకటి దూరిన దాదాపు 600 పొరలుంటాయి. గుర్రం బరువంతా ఆ పొరల పట్టు మీదే వేలాడుతూ ఉంటుంది. గింజలు అతిగా తింటే పిండిపదార్థం అరగకుండా పెద్దపేగులోకి పోతుంది. అక్కడ పులిసి ఆమ్లం పుడుతుంది, మంచి క్రిములు చస్తాయి, వాటి విషం రక్తంలో కలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో గిట్టలోని ఆ పొరలు వాచి పట్టు వదులుతాయి. అప్పుడు గుర్రాన్ని నడిపిస్తే ప్రతి అడుగుకూ ఎముక ఇంకాస్త తిరుగుతుంది. కడుపునొప్పిలో నడక మేలు చేస్తుంది, ఇందులో అదే నడక ముంచుతుంది. ఇరవై నిమిషాలు నేను చేయించింది అదే.

ఆ రాత్రి బజార్లో దొరికిన ఐసు గడ్డలన్నీ గోనెసంచుల్లో తెప్పించారు సారు. రెండు ముందు కాళ్ళనూ ఐసు నీళ్ళ బకెట్లలో ఉంచి, కరిగినకొద్దీ మార్చుతూ రెండు రాత్రులు కూర్చున్నాం. కింద జానెడు మందాన ఇసుక పరిచాం. గింజలన్నీ ఆపి ఎండుగడ్డి మాత్రం పెట్టాం. ఇవాళ అయితే నొప్పి, వాపు తగ్గించే మంచి మందులున్నాయి. మొదటి రెండు మూడు రోజులు చల్లదనమే అసలు మందని పరిశోధనలు కూడా తేల్చాయి. గుర్రం బతికింది. కానీ మళ్ళీ ఎవర్నీ మోయలేదు. గిట్టల మీద వరసగా ఉంగరాలు పడ్డాయి. ఆ ఉంగరాలు చూస్తే తెలిసినవాడికి దాని జబ్బు కథ చదివినట్టే. బడే మియా దాన్ని అమ్మనివ్వలేదు.

అందుకే పెళ్ళి ఇళ్ళవారికి నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే. ముద్దుకైనా సరే, గుర్రానికి మిఠాయి పెట్టకండి. ఒక బకెట్ మంచినీళ్ళు పెట్టండి. చెమటతో ఉన్న గుర్రానికి చల్లటి నీళ్ళు పోయకూడదు, తాగించకూడదు అనే భయం మనలో పాతుకుపోయింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు ఎండలో పరిగెత్తే గుర్రాల మీద జరిపిన పరీక్షల్లో చల్లటి నీళ్ళు ఒంటి మీద ధారాళంగా పోయడమే మంచిదని తేలింది. చెమటతో పాటు గుర్రం ఉప్పు కూడా చాలా పోగొట్టుకుంటుంది. దాణాలో కాస్త ఉప్పు ఉండాలి.

తెలుగులో గుర్రమూ గుగ్గిళ్ళూ జంటగా నడుస్తాయి. ఉడికించిన ఉలవలు తప్పు కాదు. పని చేసే గుర్రానికి బలం కావాలి. కానీ రోజూ తినాల్సిన మొత్తం దాని బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు, అందులో పెద్ద భాగం గడ్డే. పని లేని రోజు గింజలు తగ్గించాలి. ఈ చిన్న సంగతి తెలియక మిలిటరీ గుర్రాలు, పందెం గుర్రాలు కూడా ఎన్నో పడిపోయాయి. ఆదివారం సెలవు, దాణా మాత్రం పూర్తిగా, సోమవారం పొద్దున పరుగు. తొడ కండరాలు రాయిలా బిగుసుకుంటాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. దానికి సోమవారం జబ్బని పేరే పెట్టారు.

మలక్‌పేట పందెం గుర్రాల గురించి ఎక్కువ చెప్పను. వాటికి డాక్టర్లున్నారు, ఫ్యాన్లున్నాయి, తూకం యంత్రాలున్నాయి. వాటి జబ్బులు వేరే. వేగం వల్ల కాళ్ళ స్నాయువులు తెగడం, పరుగులో ఊపిరితిత్తుల్లో రక్తం కారడం, గడ్డి తక్కువ గింజ ఎక్కువ కావడం వల్ల జీర్ణాశయంలో పుండ్లు. శిక్షణలో ఉన్న పందెం గుర్రాల్లో సగానికి పైగా ఈ పుండ్లతో ఉంటాయి. గుర్రం జబ్బు దాని ఉద్యోగం చెబుతుందనేవారు సారు. పందెం వదిలేశాక ఆ గుర్రాలు ఎక్కడికి పోతాయన్నదే నన్ను బాధించే ప్రశ్న. కొన్ని ఈ పెళ్ళి వీధుల్లోకే వస్తాయి, ఉలిక్కిపడే నరాలతో, డీజే పెట్టెల ముందుకు.

జట్కా గుర్రం ఉద్యోగం దాని భుజాల మీద రాసి ఉండేది. పట్టెడ రాసుకుని పుండ్లు, జీను కింద పుండ్లు, అరిగిన నాడాలు. పుండుకు మందు రాసి అదే జీను మళ్ళీ కట్టడం వైద్యం కాదు. గుడ్డ మడిచి పుండు చుట్టూ ఎత్తు చేసి, పుండుకు ఏదీ తగలకుండా చేయాలి. ఇవాళ్టికీ పెళ్ళి గుర్రాల జరీ గుడ్డ ఎత్తి చూస్తే కొన్నిటికి అవే పుండ్లు. 1965 నాటి కేంద్ర నిబంధనలు బరువు లాగే, మోసే జంతువులను రోజుకు తొమ్మిది గంటలకు మించి వాడొద్దన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించొద్దన్నాయి. ముళ్ళ కళ్ళెం వద్దన్నాయి. ఏప్రిల్, మే నెలల హైదరాబాద్‌లో ఈ నిబంధన ఎన్ని గుర్రాలకు అందుతోంది?

గిట్ట అడుగు రోజూ తవ్వి శుభ్రం చేయడం, ఆరేడు వారాలకోసారి నాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిచి గిట్ట చెక్కించి నాడాలు మార్చడం, ఈ రెండూ చేస్తే కుంటి గుర్రాలు సగం తగ్గుతాయి. తడి నేల మీద కట్టేస్తే అడుగున ముక్కోణపు మెత్తటి భాగం కుళ్ళి నల్లగా, భరించలేని వాసనతో కారుతుంది. పొడి నేలే దానికి మొదటి మందు. మేకు గుచ్చుకుంటే తొందరపడి పీకకండి. అది ఎంత లోతు, ఎటు వైపు దిగిందో డాక్టరు చూడాలి. గుర్రం కాలు నేలకు ఆనించి మేకును ఇంకా లోపలికి దింపుకునేలా ఉంటే మాత్రం, గుర్తు పెట్టుకుని తీయక తప్పదు. మేకు అంటే ధనుర్వాతం. పెంపుడు జంతువుల్లో దానికి ఇంత సులువుగా లొంగేది గుర్రమే. కంటి మూలనున్న మూడో రెప్ప తెరలా కంటి మీదికి వస్తుంది, చెవులు, తోక నిక్కుతాయి, కాళ్ళు కర్రల్లా బిగుస్తాయి, చిన్న చప్పుడుకు ఒళ్ళంతా అదిరిపోతుంది. అప్పుడు చీకటి గదిలో, నిశ్శబ్దంలో ఉంచి చికిత్స చేసినా చాలా గుర్రాలు దక్కవు. ముందే వేసే టీకా ఖరీదు ఒక పెళ్ళి బేరంలో ఎన్నో వంతో లెక్కేసుకోండి.

మన సాయీసుల మాటలు మూడు ప్రపంచ పశువైద్య గ్రంథాల్లోకి ఎక్కాయి. సుర్రా, కుమ్రీ, బర్సాతీ. ఇంగ్లీషు డాక్టర్లు వచ్చేసరికే ఆ జబ్బులకు పేర్లున్నాయి, అవే ఉంచుకున్నారు. బర్సాతీ అంటే వానాకాలపు పుండ్లు. ఎండిన గాయం ముసురు పట్టగానే మళ్ళీ మాంసం పెంచుకుంటుంది. ఈగలు మోసుకొచ్చే పురుగు పిల్లలు గాయంలో చేరడం దీనికి పెద్ద కారణం. అందుకే గాయం మీద ఈగ వాలనివ్వకపోవడమే నివారణ. కుమ్రీలో నడుము పడిపోతుంది, కమర్ అంటే నడుము కదా. పశువుల కడుపులో హాయిగా బతికే ఒక పురుగు, దోమ ద్వారా గుర్రంలోకి వచ్చి దారి తప్పి వెన్నుపాములో తిరిగితే వచ్చేది అది. గేదెల కొట్టం పక్కనే గుర్రాన్ని కట్టొద్దని బడే మియా ఎందుకు పట్టుబట్టేవాడో నాకు చదువయ్యాక తెలిసింది.

సుర్రాకు మన జోరీగ కారణం. రక్తంలో సన్నటి పాములాంటి క్రిమి చేరుతుంది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. తింటూనే చిక్కిపోతుంది. పొట్ట కింద, కాళ్ళకు నీరు దిగుతుంది. చిగురు పాలిపోతుంది. 1880లో డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో ఈ క్రిమిని చూపించాడు. ఆ జాతి క్రిమి జబ్బు తెస్తుందని రుజువవడం ప్రపంచంలో అదే మొదలు. పైవాళ్ళు చాలా కాలం నమ్మలేదు. మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో, పదిహేడేళ్ళ తర్వాత. జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తపు చుక్కలోనే సుర్రా క్రిమి సులువుగా దొరుకుతుంది. జ్వరం ఎప్పుడు వస్తోందో చెప్పగలిగేది మళ్ళీ సాయీసే. దీనికి మందుంది, వేళకు పడితే గుర్రం తేరుకుంటుంది.

మనం మరిచిపోయే గుర్రాలు ఇంకొన్ని ఉన్నాయి. పొలంలో పాము కరిచిన రైతుకు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు గుర్రం రక్తంలోంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీస్తారు. మన తెలంగాణలోనే అలాంటి తయారీ ఉంది. ఆ గుర్రాలకు సూది పడిన చోట గడ్డలు, రక్తహీనత, ఏళ్ళు గడిచాక కాలేయం చెడటం వస్తాయి. ఊళ్ళో ఒక మనిషి పాముకాటు నుంచి బతికి ఇంటికొస్తే, ఎక్కడో ఒక గుర్రానికి మనం బాకీ పడ్డామని నా మనసులో ఉంటుంది.

చివరిగా గ్లాండర్స్. దీని గురించి గొంతు తగ్గించి మాట్లాడే అలవాటుంది, అదే ప్రమాదం. ముక్కులోంచి చిక్కటి చీము, కాళ్ళ మీద వరసగా గడ్డలు కట్టి పగలడం, సన్నటి జ్వరం. మనిషికి కూడా అంటుకుంటుంది. మొదట అంటుకునేది గుర్రం ముక్కు తుడిచే సాయీసుకే. గుర్రాలకు దీనికి వైద్యం చేయకూడదు, 1899 నాటి చట్టం కాలం నుంచీ నియమం అదే. ప్రభుత్వానికి తెలపాలి, పరీక్షలో తేలితే ఆ గుర్రాన్ని నొప్పి లేకుండా పోగొట్టాలి. పరిహారం ఉంది. గుర్రం పోతే కూడు పోతుందని దాచే యజమానిని నేను తిట్టలేను, కానీ దాచడం వల్ల తబేలా మొత్తం పోతుంది. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను జబల్‌పూర్ దగ్గరి ఊరికి తరలించారు. ఎన్నో చనిపోయాయి. గ్లాండర్స్ అనుమానంతో నమూనాలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్ళాయి, వ్యవహారం జబల్‌పూర్‌లోని హైకోర్టుకు వెళ్ళింది. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. మే నెల ఎండలో వందల కిలోమీటర్ల లారీ ప్రయాణం గుర్రాన్ని ఏం చేస్తుందో మాత్రం చెప్పగలను. తల పైకి కట్టేసిన గుర్రం వంగి దగ్గలేదు. శ్వాసనాళంలోని మురికి కిందికి జారాలంటే తల దించాలి. పన్నెండు గంటలు తల ఎత్తే ఉంచితే ఊపిరితిత్తుల్లో చీము మొదలవుతుంది. కొన్ని గంటలకోసారి ఆపి, నీళ్ళు పెట్టి, తల దించనివ్వాలి. తెలిసిన సాయీసు లారీలో ఉంటే అడక్కుండానే ఆపిస్తాడు. డ్రైవరు అతని మాట వింటాడా లేదా అన్నదే సమస్య.

బడే మియా పోయి చాలా కాలమైంది. ఆ తబేలా స్థలంలో ఇప్పుడు బట్టల గోదాము. ఆయన గోడను నేను ఫొటో తీసుకోలేదు, ఆ తెలివి అప్పుడు లేదు.

సారు పేరున పెట్టిన స్మారక నిధి మీద వచ్చిన వడ్డీతో ఏం చేయాలని సారు కుటుంబం నన్ను అడిగింది. ఈ ఏడాది ధనుర్వాతం టీకాలు కొంటున్నాం. వచ్చే నెల మొదటి ఆదివారం, ఎండ ఎక్కకముందే, పొద్దున ఆరింటికి బయల్దేరి తబేలాలకు మేమే వస్తాం. టీకాతో పాటు ఒక్కో తబేలాకు ఒక థర్మామీటరు, గిట్ట తవ్వే ఇనుప కొక్కెం, ఒక సుద్ద పెట్టె ఇస్తాం. మీకు తెలిసిన పెళ్ళి గుర్రాలవాళ్ళకు చెప్పండి. యజమాని ఊళ్ళో లేకపోయినా ఫరవాలేదు. సాయీసు మాత్రం ఉండాలి.